పేటలో బాణం గుర్తుల కాలం

నరసరావుపేటలో 2011 తర్వాత ఓ అయిదారేళ్ళ పాటు పెన్‌డ్రైవ్‌ల్లోంచి, మెమరీ కార్డుల్లోంచి పోయిన ఫైళ్ళకు ఎవరైనా లెక్క తీస్తే, వైరస్ తిన్నవి బహు కొద్ది అని తేలుతుంది. మిగతావన్నీ ఫార్మాట్ కొట్టి పోగొట్టినవే. ఆ కొట్టినవాళ్ళు డీటీపీ షాపులవాళ్ళు, సెల్ షాపులవాళ్ళు, సిస్టం రిపేర్లు చేసే కుర్రాళ్ళు. మన వృత్తి గురించి మనమే ఇట్లా రాసుకుంటే బాగుండదని తోటివాళ్ళు అంటారు గానీ, పేటలో ఇప్పటికీ ఆ వైరస్ కథలు చెప్పుకుంటూ నేరమంతా దాని మీదికే నెట్టేస్తుంటే నాకు వినబుద్ధి కాదు. షార్ట్‌కట్ వైరస్ మన ఫైళ్ళను తుడిచేది కాదు. దాచిపెట్టేది, అంతే.

నేను టైపు లోయరూ హయ్యరూ పాసై, టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే మూతబడుతున్న రోజుల్లో డీటీపీకి మారినదాన్ని. మల్లమ్మ సెంటర్ దగ్గర సందులో మా షాపు. జిరాక్సు మిషను మా ఆయన చూసుకుంటాడు, సిస్టం నాది. పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టే ఊళ్ళ కరపత్రాలు. కార్తీకం వస్తే కారెంపూడి వీరుల తిరునాళ్ళ పని. ఊళ్ళో పెన్‌డ్రైవ్‌లన్నీ ఎక్కడో ఒకచోట గుచ్చాలి గదా, అట్లా గుచ్చే చోట్లలో మాదీ ఒకటి. వైరస్‌ల పేర్లూ తేదీలూ మాత్రం తర్వాత్తర్వాత ఆసక్తి కొద్దీ చదివి తెలుసుకున్నా.

మొదట్లో అంతా ఫ్లాపీలే. 1.44 ఎంబీ. పేజ్‌మేకర్ 6.5లో నాలుగు పేజీలు టైపు చేసి దించుకుంటే సరిపోయేది, మంచి ఫొటో ఒక్కటి పెడితే పట్టేది కాదు. ఫ్లాపీ మూలన చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉండేది. దాన్ని జరిపితే ఇక ఆ ఫ్లాపీలోకి ఏ సిస్టమూ ఏమీ రాయలేదు, చదువుకోవడం తప్ప. ఆ బిళ్ళ విలువ పెన్‌డ్రైవ్‌లు వచ్చాక గాని మాకు తెలియలేదు. పెన్‌డ్రైవ్ 2000లో అమ్మకానికి వచ్చింది. ఐబీఎం అమ్మిన మొదటిదాంట్లో పట్టేది 8 ఎంబీ. పేటలో నేను చూసేసరికి 256, 512 ఎంబీలయ్యాయి. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు తాడు కట్టి మెళ్ళో వేసుకుని తిరిగేవాళ్ళు. చాలావాటికి ఆ అడ్డబిళ్ళ లేదు. ఏ సిస్టంలో గుచ్చితే ఆ సిస్టం తనకు తోచింది అందులో రాసిపెట్టొచ్చు.

అట్లా రాసిపెట్టిన వాటిలో ముందు తరం ఆటోరన్ వైరస్‌లు. సీడీ పెట్టగానే ప్రోగ్రాం దానంతటదే మొదలయ్యే ఏర్పాటు విండోస్ 95తో వచ్చింది. ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ మీద రెండుసార్లు క్లిక్ కొడితే, లోపల ఆటోరన్.ఐఎన్‌ఎఫ్ అనే చిన్న ఫైలు ఉంటే, అది చెప్పిన ప్రోగ్రామే నడిచేది. ఫోల్డర్ బొమ్మ వేసుకుని కూర్చునే ‘న్యూ ఫోల్డర్.ఈఎక్స్ఈ’ ఆ కాలందే. 2007లో ‘హీప్41ఏ’ అని ఒకటి దేశమంతా తిరిగింది. ఆర్కుట్ తెరిస్తే చాలు, ఆర్కుట్‌ను నిషేధించారని చెప్పి పగలబడి నవ్వే పెట్టె ఒకటి తెర మీద ప్రత్యక్షం. ఫైర్‌ఫాక్స్‌ని తెరవనిచ్చేది కాదు. కాలేజీవాళ్ళే తమ మీద పెట్టించారని నమ్మిన పిల్లల్ని చూశా.

వాటికి మేం కనిపెట్టుకున్న విరుగుడు ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లో ముందే ఆటోరన్.ఐఎన్‌ఎఫ్ అనే పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి పెట్టేవాళ్ళం. ఒకచోట ఒకే పేరుతో రెండు ఉండకూడదు గనక వైరస్ తన ఫైలు పెట్టుకోలేకపోయేది. మాచర్ల బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. తర్వాత వచ్చినవి తువ్వాలు తీసి పారేసి కూర్చోవడం నేర్చుకున్నాయి.

2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ ఎత్తేశారు. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అదే మార్పును ఎక్స్‌పీ, విస్టాలకూ అప్‌డేట్‌గా పంపింది. ఆ ఎక్స్‌పీలు అప్‌డేట్లు ఆపేసిన దొంగ కాపీలైతే అది అందదనుకోండి, అది వేరే కథ. మొత్తానికి వైరస్ రాసేవాళ్ళకు మనిషి వేలితో పని పడింది. క్లిక్ చేయించుకోవాలి. అనుమానం రాకుండా చేయించుకోవాలంటే మనిషి రోజూ క్లిక్ చేసే దాని వేషమే వేయాలి. షార్ట్‌కట్‌కి గిరాకీ అట్లా పెరిగిందని నా లెక్క.

షార్ట్‌కట్ అనేది 1995 ఆగస్టు 24న విండోస్ 95తో పాటు జనంలోకి వచ్చింది. ఫైలు ఒకచోట, దాన్ని తెరిచే గుర్తు ఇంకోచోట. ఆ గుర్తుకి ఎడమ పక్క కింద చిన్న బాణం. దాని అసలు పేరు చివర .ఎల్‌ఎన్‌కే అని ఉంటుంది గానీ, మిగతా ఫైళ్ళ తోకలు కనపడేట్టు ఫోల్డర్ ఆప్షన్స్‌లో మార్చినా దీని తోక కనపడదు. విండోసే దాన్ని ఎప్పుడూ చూపించవద్దని రిజిస్ట్రీలో రాసిపెట్టింది. పైగా ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ పెట్టుకోవచ్చు. బొమ్మ ఫోల్డర్‌ది, పేరు పెళ్ళి ఫొటోలది, లోపల నడిచేది ఇంకేదో. ఇంత వెసులుబాటు ఇచ్చి పదిహేనేళ్ళ పాటు దీన్ని పెద్ద ఎత్తున ఎవరూ వాడుకోకపోవడమే వింత.

వాడుకున్నవాళ్ళు పెద్దవాళ్ళే. 2010 జూన్‌లో బెలారస్ రాజధాని మిన్‌స్క్‌లోని వైరస్‌బ్లోక్‌అడా అనే చిన్న కంపెనీ ఒక పురుగును పట్టుకుంది. ఇరాన్‌లో నతాంజ్ అణుకేంద్రం యంత్రాల కోసం తయారైన స్టక్స్‌నెట్ అది. దాంట్లోని షార్ట్‌కట్‌ను క్లిక్ కూడా చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్ తెరిచి, ఆ బొమ్మ తెర మీద కనపడితే చాలు, నడిచేది. అప్పుడు సిమాంటెక్ వేసిన లెక్కల్లో ఎక్కువ సిస్టంలకు అది ఎక్కిన దేశాల్లో ఇరాన్, ఇండోనేసియాల తర్వాత మనదే. మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టు 2న మందు విడుదల చేసింది. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2కి అంతకు ముందు నెల 13తోనే గడువు తీరిపోయింది గనక దానికి ఆ మందు లేదు.

పేటకు వచ్చింది మాత్రం అంత చదువుకున్న వైరస్ కాదు. మామూలు విజువల్ బేసిక్ స్క్రిప్టు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అక్షరాలు కనపడే రకం. చేసే పని ఇది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రతి ఫైలుకీ, ఫోల్డరుకీ ‘హిడెన్’ అనీ ‘సిస్టమ్’ అనీ రెండు గుర్తులు తగిలిస్తుంది. దాంతో అవి కంటికి కనపడవు. ప్రతిదానికీ అదే పేరుతో, అదే బొమ్మతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. దాని మీద క్లిక్ కొడితే ముందు వైరస్ స్క్రిప్టు నడుస్తుంది, ఆ వెంటనే మన అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. మెచ్చుకోవలసింది ఈ రెండోదాన్నే. అడిగింది దొరికింది గనక ఎవరికీ అనుమానం రాదు. వారాల తరబడి అదే బాణం మీద క్లిక్ కొట్టుకుంటూ పనిచేసుకున్న గుమాస్తాలున్నారు. ఎప్పుడైనా ఒక ఫైలును కాపీ చేసి ఇంకోచోటికి తీసుకుపోతే గాని బండారం బయటపడదు. వంద ఎంబీల ఆల్బం కాపీ చేశామనుకుంటారు, అక్కడికి పోయేది రెండు కేబీలు.

“అక్కా, అన్నీ ఉన్నయ్, అన్నిటికీ బాణాలు పడ్డయ్” అని వచ్చేవాళ్ళు. ఓసారి కారెంపూడి నుంచి తిరునాళ్ళ కరపత్రం పనికి వచ్చిన ఆయన పెన్‌డ్రైవ్‌లో రోజుకొకటి చొప్పున అయిదు ఫోల్డర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. అయిదింటికీ బాణాలే. “ఏందమ్మా, అన్నీ రెండు కేబీలే చూపిస్తంది, మా వీరులు ఏమయినట్టు?” అన్నాడు. వీరులు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నారు.

అది ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పాటలు ఎక్కించే సెల్ షాపులు. బస్టాండ్ల దగ్గర ప్రతి సెల్ షాపులో ఒక సిస్టం, దానికి కార్డ్ రీడర్, డి డ్రైవ్ నిండా పాటలు. రెండు జీబీ మెమరీ కార్డు ఇస్తే ముప్పయ్యో యాభయ్యో తీసుకుని నింపి ఇచ్చేవాళ్ళు. మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీలు దిగితే ఆ షాపుల ముందు సాయంత్రం పూట క్యూలు. ఒక్క సిస్టంకి వైరస్ పట్టిందంటే ఆ రోజు కార్డులన్నీ బొల్లాపల్లి నుంచి వెల్దుర్తి దాకా మోసుకుపోయేవి. ఇందులో ఇంకో చిక్కు. ఆండ్రాయిడ్ ఫోను ఆ హిడెన్ గుర్తును పట్టించుకోదు. కార్డు తిరిగి ఫోనులో వేస్తే పాటలన్నీ మామూలుగానే మోగేవి. “నా ఫోన్లో బానే ఉంది, నీ సిస్టంలోనే ఏదో తేడా” అని మా మీదికి వచ్చేవాళ్ళు. ఒకరకంగా వాళ్ళు చెప్పిందీ నిజమే.

మార్చి, ఏప్రిల్ నెలలు మరీ ఘోరం. బీటెక్ ప్రాజెక్టు రికార్డుల కాలం. కాలేజీ ల్యాబ్ నుంచి జిరాక్సు షాపుకి, అక్కడి నుంచి హాస్టల్‌కి, మళ్ళీ ల్యాబ్‌కి. రికార్డుతో పాటు సీడీ కూడా ఇవ్వాలనేవాళ్ళు. సీడీ మీద ఒకసారి కాలితే ఇక మార్చలేం గనక, బాణాలతో సహా కాలిపోయిన ప్రాజెక్టులు ఏ బీరువాల్లోనో ఇప్పటికీ భద్రంగా ఉండే ఉంటాయి.

విరుగుడు నేను నేర్చుకున్నది పంతంతో. పేజ్‌మేకర్ ఫైలు పోయిందంటే నాకు మళ్ళీ మొదటి నుంచి టైపు పని, ప్రూఫు పని. ఫార్మాట్ కొట్టేవాడికి ఆ బాధ లేదు. వరస ముఖ్యం. ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కొట్టి టాస్క్ మేనేజర్‌లో ‘డబ్ల్యూస్క్రిప్ట్’ అనేదాన్ని ఆపాలి. అది నడుస్తుండగా ఎన్నిసార్లు ఫైళ్ళను బయటికి తెచ్చినా క్షణాల్లో మళ్ళీ దాచేస్తుంది; సగంమంది ఓడిపోయింది ఇక్కడే. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లోని ఏదో ఒక షార్ట్‌కట్ మీద కుడి క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ అనే గడి చదవాలి. తెరుచుకునేది పెళ్ళి ఫొటోలైతే అక్కడ ఫోల్డర్ పేరు ఉండాలి. సీఎండీ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ అనో ఉంటే దొంగ దొరికినట్టే. ఏ స్క్రిప్టును నడిపిస్తుందో ఆ పేరు కూడా అక్కడే ఉంటుంది. ఆ పేరుతో సిస్టంలో స్టార్టప్‌లోనూ, టెంప్ ఫోల్డర్‌లోనూ, రిజిస్ట్రీలో రన్ అనేచోటా వెతికి తీసేయాలి. పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్లన్నీ కొట్టేయాలి. చివరికి దాగినవాటిని పైకి తేవాలి. మామూలుగా ప్రాపర్టీస్‌లోకి పోయి హిడెన్ టిక్ తీసేద్దామంటే కుదరదు, సిస్టమ్ గుర్తు కూడా ఉంది గనక ఆ గడి బూడిద రంగులో బిగుసుకుని ఉంటుంది. నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టాల్సిందే.

ఆ కమాండ్ నేను ఫోన్లో ఎంతమందికి చెప్పానో. “రాసుకోండి తమ్ముడూ. ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ. ఖాళీ వదలండి. మైనస్ హెచ్. ఖాళీ. మైనస్ ఆర్. ఖాళీ. మైనస్ ఎస్. ఖాళీ. స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ డీ.” అవతల గురజాలలో ఓ స్కూల్ ఆఫీసులో కూర్చున్న కుర్రాడు ఖాళీ వదలమంటే వదలడు, స్లాష్ అడ్డం తిప్పి కొడతాడు. 2012, 13 కరెంటు కోతల్లో ఆ మాటల మధ్యే యూపీఎస్ కూతలు. ఎంటర్ కొట్టాక తెర ఏమీ మాట్లాడకుండా కాసేపు ఆగుతుంది, ఆ తర్వాత డ్రైవ్ తెరిస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. “వచ్చినయ్ అక్కా!” అని కేక.

ఇంకో రకం కూడా తిరిగింది, గమారూ అనేవాళ్ళు, ఆండ్రోమెడా అని ఇంకో పేరు. అది ప్రతి ఫైలుకీ బాణం పెట్టదు. ఉన్నవన్నీ ఒక ఫోల్డర్‌లోకి నెట్టి, ఆ ఫోల్డర్‌కి పేరే లేకుండా చేస్తుంది. పేరు ఉండాల్సిన చోట కనపడని ఖాళీ అక్షరం ఒకటి ఉంటుంది. డ్రైవ్ తెరిస్తే ఆ డ్రైవ్ పేరుతోనే ఒకే ఒక్క షార్ట్‌కట్. దీన్ని చూసి బెదిరి ఫార్మాట్ కొట్టినవాళ్ళే ఎక్కువ. 2017 నవంబరు 29న పోలీసులు, మైక్రోసాఫ్ట్ కలిసి దాని సర్వర్లను స్వాధీనం చేసుకుంటే, 48 గంటల్లో 223 దేశాల నుంచి దాదాపు 20 లక్షల ఐపీ అడ్రసులు ‘యజమానీ, ఏం చేయమంటావు’ అని అడుగుతూ వచ్చాయని యూరోపోల్ చెప్పింది. అరెస్టు మళ్ళీ బెలారస్‌లోనే. ఆ దేశంతో మన షార్ట్‌కట్‌కి ఏదో రుణానుబంధం.

మరి ఫార్మాట్ ఎందుకు అంతగా నడిచింది? గిట్టుబాటు. ఫార్మాట్‌కి నిమిషం పడుతుంది, డబ్బు ఖాయం, తెల్లగా కనపడుతుంది, కస్టమర్‌కి శుభ్రమైందన్న తృప్తి. నా పద్ధతికి అరగంట పడుతుంది, అదృష్టం బాగుంటే టీ డబ్బులు ఇస్తారు. “ఫైళ్ళు కావాలా?” అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా “పోయినయ్‌గా, ఇంకేముంది” అని జవాబు. ఆ మాటకొస్తే మామూలు ఫార్మాట్ కొట్టాక కూడా లోపల సరుకు వెంటనే చెరిగిపోదు, రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి చాలా మటుకు లాగొచ్చు. కానీ ఆ కార్డు మీద వెంటనే పాటలు ఎక్కించేవాళ్ళు. ఓ కుటుంబం తమ పెద్దాయన చివరి ఫొటోలున్న కార్డు తెచ్చారు. అంతకు ముందు రోజే వేరేచోట బాణాలు చూసి ఫార్మాట్ కొట్టి, కొసరుగా కార్డు నిండా సినిమా పాటలు ఎక్కించి ఇచ్చారట. రికవరీలో నాకు దొరికినవి సగం సగం ముక్కలు, ఫొటో పై భాగం ఉండి కింద బూడిద రంగు. బాణాలు ఉన్న రోజున తెచ్చి ఉంటే ఒక్క ఫొటో కూడా పోయేది కాదు.

వైరస్ లేని బాణాలు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే వాటికీ ఫార్మాటే వైద్యమైంది. ల్యాబ్‌లో డెస్క్‌టాప్ మీద ప్రాజెక్టు గుర్తు కనపడుతుంది, దాన్ని లాగి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వస్తారు. ఒక్క కేబీ. అసలు ఫైలు ల్యాబ్‌లో డి డ్రైవ్‌లోనే ఉంది, వీళ్ళు తెచ్చింది దాని చిరునామా మాత్రమే. ఇక్కడ తెరిస్తే ఎక్స్‌పీ టార్చిలైటు బొమ్మ వేసి కాసేపు వెతికి దొరకలేదంటుంది. టార్గెట్ గడి చదివితే క్షణంలో తెలిసిపోయే సంగతి. దీనికి కమాండ్ ఎన్నిసార్లు కొట్టినా ఏమీ రాదు, వెనక్కి పోయి తెచ్చుకోవాలి. విండోస్ 7 వచ్చాక ఇంకో తమాషా. డెస్క్‌టాప్ మీద నాలుగుకి మించి తెగిపోయిన షార్ట్‌కట్లుంటే వారానికోసారి అదే ఊడ్చేసేది. రెండు సిస్టంలు కేబుల్‌తో కలిపి వాడే షాపుల్లో, రెండోది ఆపి ఉంటే దానిలోకి పోయే షార్ట్‌కట్లన్నీ తెగిపోయినవి కిందే లెక్క. పొద్దున్నే వచ్చి చూస్తే ఐకాన్లు మాయం, పాపం కొత్తగా చేరిన అమ్మాయి మీదికి నింద.

కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టి ‘యూఎస్‌బీ ప్రతిరోధ్’ అనే ఉచిత సాధనం ఇచ్చింది. మంచిదే, కాస్త ముందొస్తే ఇంకా మంచిదయ్యేది. అప్పటికే శుభలేఖ మ్యాటరు వాట్సాప్‌లో రావడం మొదలైంది, పాటలు డేటాలో వినడం మొదలైంది. సెల్ షాపుల సిస్టంలు ఒక్కొక్కటే మూలనపడ్డాయి.

బాణాలు మళ్ళీ నా దగ్గరికి గుంపుగా వచ్చింది 2022 ఏప్రిల్ 4 తర్వాత. ఆ రోజున గుంటూరు జిల్లా నుంచి విడిపోయి, నరసరావుపేట ముఖ్యపట్నంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. స్కూళ్ళు, సొసైటీలు, మందుల షాపులు, పిడుగురాళ్ళ సున్నం బట్టీల వాళ్ళు, అందరికీ లెటర్‌హెడ్లలో, బిల్లు పుస్తకాల్లో ‘గుంటూరు జిల్లా’ తీసి ‘పల్నాడు జిల్లా’ పెట్టాలి. పాత డిజైన్లు ఎక్కడున్నాయి? డ్రాయరు అడుగున పెన్‌డ్రైవ్‌లలో. పదేళ్ళ నాటి వైరస్ వాటిలో చెక్కుచెదరకుండా ఉంది. ఈసారి చిక్కు వేరు. విండోస్ 10లో ఉండే డిఫెండర్ ఆ స్క్రిప్టునీ, షార్ట్‌కట్లనీ చూడగానే తీసేస్తుంది. దాచిన ఫైళ్ళను మాత్రం పైకి తేదు. అంటే బాణాలు కూడా పోయి డ్రైవ్ పూర్తిగా ఖాళీగా కనపడుతుంది. “ఏం లేదమ్మా దీంట్లో, కొత్తగా చేసెయ్” అంటారు. డ్రైవ్ ప్రాపర్టీస్ చూస్తే నాలుగు జీబీల్లో మూడు నిండి ఉంటుంది. అదే పాత కమాండ్, అవే పాత కోరల్‌డ్రా ఫైళ్ళు బయటికి. జిల్లా పేరు మార్చడం అయిదు నిమిషాల పని.

షార్ట్‌కట్ కథ అంతటితో ఆగలేదు. 2022లో మైక్రోసాఫ్ట్ నెట్ నుంచి వచ్చే ఆఫీసు ఫైళ్ళలో మాక్రోలను ఆపేసింది. దాంతో మెయిళ్ళలో జిప్ లోపల షార్ట్‌కట్ పెట్టి పంపడం ఎక్కువైంది, ఇన్‌వాయిస్ అని పేరు, పీడీఎఫ్ బొమ్మ. మిరప ఎగుమతి చేసే కమిషన్ షాపుల గుమాస్తాలకు నేను ముందుగా చెప్పేది ఇదే. 2025 మార్చిలో ట్రెండ్ మైక్రో పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. టార్గెట్ గడిలో అప్పటికి కనపడేది మొదటి 260 అక్షరాలే. కమాండ్‌కి ముందు ఖాళీలు దండిగా నింపి, అసలు సరుకును ఆ హద్దు అవతలికి తోసేసి, కొన్ని దేశాల ప్రభుత్వాల అండ ఉన్న ముఠాలు 2017 నుంచీ దీన్ని వాడుతూ వచ్చాయట. ఇన్నేళ్ళూ నేను దొంగను పట్టింది ఆ గడి చదివే.

అందుకని ఇప్పుడు పెన్‌డ్రైవ్ వస్తే తెరవకుండానే నల్ల తెరలోకి పోతున్నా. డీఐఆర్, ఖాళీ, స్లాష్ ఏ. దాగినవీ దాగనివీ అన్నీ వరసగా వస్తాయి, పక్కన సైజులతో. మంచి షార్ట్‌కట్ ఒకటి రెండు కేబీలు దాటదు. అంతకంటే బాగా లావుగా ఉన్నదాన్ని చూస్తే పక్కన పెడతా. .ఎల్‌ఎన్‌కే అనే తోకను విండోస్ ఇక్కడ దాచదు.